నిప్పుకొండ చూడాలంటే ఏ దీవికి వెళ్లాలి? బారెన్, స్ట్రాంబోలి, క్రకటోవా, సాంటోరిని

పోయిన సంక్రాంతికి విజయనగరంలో అక్కావాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక బావగారు కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. ఆయన రైల్వే ఉద్యోగి, ఈసారి ఎల్‌టీసీ (ఉద్యోగులకు ఇచ్చే సెలవు ప్రయాణ రాయితీ) మీద అండమాన్ వెళ్దామని ఆలోచన. మా మేనకోడలు మాత్రం ఏడాదిగా ఒకటే మాట మీద ఉంది: “నిప్పుకొండ చూడాలి. ఫొటోలో కాదు, నిజంగా.” అండమాన్‌లోని బారెన్ దీవి చూపిస్తే సరిపోతుందా, ఇంకో రెండేళ్లు డబ్బు కూడబెట్టుకుని ఇండోనేషియాలోనో ఇటలీలోనో చూపించాలా అన్నది ఆయన ప్రశ్న.

ఆ మధ్యాహ్నం చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. శ్రీకాకుళం వైపు చాలా కుటుంబాల్లో ఎవరో ఒకరు అండమాన్‌లో ఉంటారు. మా చిన్నాన్న 30 ఏళ్లుగా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది కానీ మా ఇళ్లలో ఇంకా పాత పేరే నడుస్తోంది. బారెన్‌ను ఆయన పుణ్యమా అని సముద్రం మీద నుంచి నా కళ్లతో చూశాను. మిగతా దీవుల సంగతి చదివి తెలుసుకున్నది.

ఏ దీవికి వెళ్లాలన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. ఏ వేళకు చూస్తాం, ఎక్కడ ఉండి చూస్తాం అన్నవి ముందు తేల్చుకోవాలి. ఇవి అడగకుండా టికెట్లు తీసుకున్నవాళ్లే తిరిగొచ్చి “పొగ తప్ప ఏమీ లేదు” అంటారు.

పగలు పొగ, రాత్రి నిప్పు

2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు బారెన్ దగ్గర ఓడలో పరిశోధన చేస్తుండగా కొండ ఉన్నట్టుండి బూడిద ఎగజిమ్మింది. పగలంతా వాళ్లకు కనిపించింది బూడిద మేఘాలే. పొద్దుగూకాక అదే బిలం నుంచి ఎర్రటి లావా చిమ్మడం, అది వాలు మీదుగా జారడం కనిపించింది. ఒక్కో విడత 5 నుంచి 10 నిమిషాలు. కొండ అదే, పేలుడూ అదే. కట్టెల పొయ్యిలో నిప్పు మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఉంటే తెలియదు, దీపాలు పెట్టేవేళకు ఎర్రగా కనిపిస్తుంది. ఇదీ అంతే.

అందుకే పిల్లలకు ఎర్రటి నిప్పు చూపించాలనుకుంటే, చీకటి పడే వేళకో తెల్లవారకముందో పడవ కొండ దగ్గర ఉండే ప్రయాణమే తీసుకోండి. మధ్యాహ్నం చూసి సాయంత్రానికి ఒడ్డుకు చేర్చే ప్రయాణంలో పొగ, నల్లటి వాలు, గంధకం వాసన దొరుకుతాయి. అవీ చిన్నవేం కావు, కానీ ఏం దొరుకుతుందో ముందే తెలిసి వెళ్లాలి.

బారెన్: మన దేశంలో రగులుతున్న ఒకే ఒక్క కొండ

పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అడ్డం 3 కిలోమీటర్లు, ఎత్తు 350 మీటర్ల పైచిలుకు. మనకు కనిపించేది కొస మాత్రమే. మిగతా కొండంతా, 2 కిలోమీటర్లకు పైగా, నీళ్ల కిందే ఉంది. 1787లో అది పేలిన సంగతి మొదటిసారి రాతకెక్కింది. తర్వాత కొన్ని దశాబ్దాలకు చల్లబడి, ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి, 1991లో మళ్లీ లేచింది. 1994-95లో ఇంకోసారి. 2004 డిసెంబరు 26 సునామీ మన ఒడ్డునూ తాకింది కదా, ఆ భూకంపం పుట్టింది భూమి పైపొరలోని భారత పలక బర్మా పలక కిందికి దూరే చోట. బారెన్ కూడా ఆ పలకల హద్దు వెంట ఉన్న కొండల వరుసలోదే. సునామీ వచ్చిన ఐదు నెలలకు, 2005 మేలో, అది మళ్లీ రాజుకుంది. అప్పటి నుంచి ఆగి ఆగి మండుతూనే ఉంది. 2025 సెప్టెంబరులో కూడా పేలింది.

దీవి మీద మనుషులు లేరు, దిగనివ్వరు కూడా. అనుమతి ఉన్న ఓడలోనో బోటులోనో వెళ్లి, చుట్టూ తిరిగి, వెనక్కి రావడమే. ఇందుకు రెండు దారులున్నాయి. ప్రయాణికుల ఓడ బారెన్ యాత్ర ప్రకటించినప్పుడు సీటు కొనుక్కోవచ్చు. లేదంటే స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) వైపు డైవింగ్ బోట్లవాళ్లతో మాట్లాడుకుని మొత్తం బోటు తీసుకోవచ్చు. సీటు చవక, ఓడ పెద్దది కాబట్టి కుదుపు తక్కువ, కానీ ఆ తేదీలు మన చేతిలో ఉండవు. బోటు ఖరీదు. 8, 10 మంది కలిస్తే తప్ప మధ్యతరగతి ఇంటికి భారమే.

మేం మొదటిసారి బోటే మాట్లాడుకున్నాం. అడ్వాన్స్ కట్టాక సముద్రం బాగోలేదని ప్రయాణం ఆపేశారు. ఆపడం సరైన పనే, దానికి నాకు కోపం లేదు. ఆ డబ్బు మాత్రం ఐదు నెలలు ఫోన్లు చేస్తే సగమే వచ్చింది. ఆగిపోతే ఎంత తిరిగిస్తారో ముందే వాట్సాప్‌లో రాయించుకోవాలని అప్పుడే నేర్చుకున్నాం.

రెండో ఏడాది ఫిబ్రవరిలో వేరే బోటులో, 9 మందిమి, అర్ధరాత్రి దాటాక బయలుదేరాం. మొదటి రెండు గంటలు బాగానే గడిచింది. ఆ తర్వాత పిన్నికి, నాకు కడుపులో తిప్పడం మొదలైంది. తెల్లవారుతుండగా బోటు నడిపే సరంగు చెయ్యెత్తి చూపించాడు. ముందు మబ్బు అనుకున్నాను. ఆ మబ్బు కదలడం లేదు, కింద నుంచి పుడుతోంది. దగ్గరికి వెళ్లేకొద్దీ కొండ రెండుగా కనిపించింది. పాత గోడ మీద పచ్చటి చెట్లు, దాని మధ్యలో కొత్తగా లేచిన నల్లటి శంఖువు. ఒక పక్క గోడ విరిగిన చోట నుంచి గడ్డకట్టిన లావా విసనకర్రలా పరుచుకుని సముద్రంలోకి దిగింది. గాలి తిరిగినప్పుడల్లా అగ్గిపుల్ల గీసినప్పటి వాసన. సరంగు ఇంజిన్ తగ్గించి, గాలి మా వైపు నుంచి కొండ వైపు వీచేలా బోటును పెట్టుకుంటూ తిప్పాడు. ఆ ఒక్క పనితోనే అతను తెలిసినవాడని నాకు నమ్మకం కుదిరింది.

ఎర్రటి నిప్పు కనిపించలేదు. నేను మాత్రం ఆ లావా నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. విజయనగరం పక్కన రామతీర్థం కొండ చూడండి, అది వేల కోట్ల తెల్లవారుజాములు చూసిన రాయి. తూర్పు కనుమల రాయి సుమారు వంద కోట్ల ఏళ్ల కిందటిది. బారెన్ ఒడ్డున సముద్రంలోకి దిగిన లావాలో కొంత భాగం నాకంటే చిన్నది. రాయికి మనకంటే తక్కువ వయసు ఉండొచ్చని నేను అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

వీసా అక్కర్లేదు, అక్కడ మన భాష మాట్లాడేవాళ్లు వీధికొకరు, ఎల్‌టీసీ వర్తిస్తుంది. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ కూడా ఉంది కానీ సుమారు రెండున్నర రోజుల ప్రయాణం, నెలకు ఒకటో రెండో. పిల్లలతో అయితే విమానమే నయం. నవంబరు నుంచి ఏప్రిల్ లోపు చూసుకోండి. అందులోనూ నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాల భయం ఉంటుంది కాబట్టి జనవరి చివర నుంచి మార్చి దాకా మేలు.

బారెన్ ప్రయాణం ఆగిపోతే చాలామంది బారాటాంగ్ బురద కొండలకు వెళ్తారు. వెళ్లండి, కానీ పిల్లలకు అది నిప్పుకొండ అని చెప్పకండి. భూమి లోపలి వాయువులు బురదను పైకి నెట్టడమే అక్కడ జరిగేది, లావా ఉండదు. దారి జరావా అనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. బండ్లు కాన్వాయ్‌లోనే వెళ్లాలి, వాళ్లను ఫొటో తీయడం నేరం. నేరం కాకపోయినా తీయకూడదు.

స్ట్రాంబోలి: నిప్పు కనిపించే అవకాశం ఎక్కువ

ఇటలీలో సిసిలీకి ఉత్తరాన ఉన్న చిన్న దీవి. ఎత్తు 924 మీటర్లు. రెండు వేల ఏళ్లుగా దాదాపు విరామం లేకుండా, మామూలు రోజుల్లో 10, 20 నిమిషాలకొకసారి పేలుతూనే ఉంది. పాతకాలం నావికులు రాత్రిపూట దాన్ని చూసి దారి పోల్చుకునేవారు. మధ్యధరా సముద్రపు దీపస్తంభం అని పేరు. బెల్లం పాకం ఉడికేటప్పుడు బుడగ పైకొచ్చి టప్పున పగిలి, నాలుగు చుక్కలు ఎగరడం చూసే ఉంటారు. స్ట్రాంబోలి పేలుడు కూడా అలాంటిదే. కరిగిన రాతిలో వాయువు బుడగ కట్టి, పైకి చేరి పగులుతుంది. ఇలా పేలే కొండలన్నిటికీ శాస్త్రంలో దీని పేరే పెట్టారు. బారెన్‌ది కూడా చాలావరకు ఈ తీరే.

సిసిలీలోని మిలాజ్జో రేవు నుంచి, లిపారి దీవి నుంచి సాయంత్రం పడవలు ఉంటాయి. ‘నిప్పు జారుడు’ అని అర్థం వచ్చే షారా దెల్ ఫ్వోకో అనే వాలు ఎదుట, చీకటి పడే వేళకు, దూరంగా ఆగుతాయి. చూడాల్సిన వేళకు చూడాల్సిన చోట ఉండటమే ఆ ప్రయాణం మొత్తం. అందుకే ఎర్రటి నిప్పు చూసి తీరాలి అనేవాళ్లకు నేను చెప్పే పేరు ఇదే.

అంత మాత్రాన అది సాధువైన కొండ కాదు. 2019 జులై 3న పెద్ద పేలుడులో కొండెక్కుతున్న ఒక మనిషి చనిపోయారు, ఆగస్టు 28న మళ్లీ పేలింది. అప్పటి నుంచి శిఖరం దాకా ఎక్కనివ్వడం లేదు. కొంత ఎత్తు వరకే. 2002 డిసెంబరు 30న ఆ నిప్పు వాలే కొంత విరిగి సముద్రంలో పడి సునామీ లేచింది. పడవలు దూరంగా ఎందుకు ఆగుతాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఖర్చే అసలు అడ్డంకి. ఇటలీకి కావలసిన షెంజెన్ వీసా రుసుమే పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆపైన విమానాలు, హోటళ్లు. ఒక్క కొండ కోసం ఇక్కడి నుంచి కుటుంబంతో ఇటలీ వెళ్లమని నేను చెప్పను. యూరప్‌లో మీ పిల్లలెవరైనా చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉండి, వాళ్లను చూడటానికి ఎలాగూ వెళ్తుంటే మాత్రం నాలుగు రోజులు సిసిలీకి కేటాయించండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు అనువైన కాలం.

క్రకటోవా: పేరు పెద్దది, నాకు భయం ఎక్కువ

ఇండోనేషియాలో జావా, సుమత్రాల మధ్య సుందా జలసంధిలో ఉంది. 1883లో పాత క్రకటోవా పేలినప్పుడు ఆ చప్పుడు 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో వినిపించింది. లేచిన కెరటాలకు 36,000 మందికి పైగా చనిపోయారు. ఆ గోతిలోంచి 1927లో తల ఎత్తిందే ఇప్పటి అనాక్ క్రకటోవా. అనాక్ అంటే వాళ్ల భాషలో బిడ్డ.

ఖర్చు ఇటలీ కంటే చాలా తక్కువ. మనవాళ్లకు అక్కడ దిగాక వీసా ఇస్తారు, రుసుము 5 లక్షల రుపియాలు (సున్నాలు చూసి కంగారు పడకండి, మన డబ్బుల్లో కొన్ని వేలే). జావా పడమటి ఒడ్డు నుంచి పడవలు ఉంటాయి. కాగితం మీద బారెన్‌కు గట్టి పోటీ.

అయినా బావగారికి వద్దనే చెప్పాను. 2018 డిసెంబరు 22 రాత్రి ఆ బిడ్డ కొండ ఒక పక్క కూలి సముద్రంలో పడింది. 338 మీటర్ల కొండ 110 మీటర్లకు తగ్గిపోయింది. భూకంపం లేకుండా, ముందు హెచ్చరిక లేకుండా వచ్చిన సునామీలో ఒడ్డున ఉన్న 400 మందికి పైగా చనిపోయారు. కొండ దగ్గరికి వెళ్లినవాళ్లు కాదు, ఒడ్డున నివసిస్తున్నవాళ్లు, సెలవులు గడుపుతున్నవాళ్లు. అక్కడి ప్రభుత్వం హెచ్చరికను నాలుగు మెట్లుగా ఇస్తుంది, మెట్టును బట్టి ఎన్ని కిలోమీటర్ల లోపలికి వెళ్లకూడదో చెబుతుంది. వెళ్లేవాళ్లు ఆ దూరం ఎంతో ఆ రోజు చూసుకుని, పడవవాడు “ఏం కాదు, ఇంకొంచెం దగ్గరికి పోదాం” అన్నా వద్దనగలగాలి. పిల్లలు సరదాపడుతుంటే, భాష రాని చోట, వద్దనడం కష్టం.

సాంటోరిని: కాలు పెట్టి నడవాలనుకుంటే

గ్రీసులోని ఈ దీవి నడుమ నీళ్లలో నియా కామేని అనే నల్లటి దీవి ఉంది. పడవ దిగి, సుమారు 130 మీటర్ల ఎత్తు దాకా నడిచి బిలం అంచు చూడొచ్చు. చివరిసారి పేలింది 1950లో. పొగ కాస్త, వెచ్చదనం కాస్త. నీడ అన్నదే లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పడవలోనే కూర్చోవడం మంచిది. 2025 మొదట్లో వరుస భూకంపాలు వచ్చి వేలమంది దీవి వదిలి వెళ్లారు, కాబట్టి వెళ్లేముందు వార్తలు చూసుకోండి. మా మేనకోడలికి అయితే ఇది నచ్చదు. దానికి కావలసింది మండే కొండ.

గైడు ఉన్నాడు కదా అనుకోవద్దు

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇది. న్యూజిలాండ్‌లో వఖారి అనే దీవి ఉంది, వైట్ ఐలాండ్ అని కూడా అంటారు. ఒడ్డుకు 50 కిలోమీటర్ల లోపే. ఏళ్ల తరబడి పడవల్లో తీసుకెళ్లి, హెల్మెట్, మాస్కు ఇచ్చి, బిలం దాకా నడిపించేవారు. 2019 డిసెంబరు 9న అది పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు. 22 మంది చనిపోయారు, వాళ్లలో గైడ్లూ ఉన్నారు. హెచ్చరిక స్థాయిని అప్పటికి మూడు వారాల ముందే 1 నుంచి 2కు పెంచారు. యాత్రలు మాత్రం ఆగలేదు.

అక్కడ జరిగింది లావా పేలుడు కాదు, ఆవిరి పేలుడు. కొండ లోపల నీళ్లు వేడెక్కి, పైన రాయి మూతలా నొక్కి ఉంచినంతసేపు ఊరుకుని, ఆ మూత ఓడిపోయిన క్షణంలో ఒక్కసారిగా ఆవిరవుతాయి. వెయిట్ ఇరుక్కుపోయిన కుక్కర్ తీరు. దానికి ముందు గంటలు, రోజులు ఉండవు. ఎంత అనుభవం ఉన్న గైడైనా దాన్ని పసిగట్టలేడు. అందుకే నాకు కాలు పెట్టనివ్వని బారెన్ నిబంధన చాలా నచ్చింది. పడవలో ఉంటే ఇంజిన్ తిప్పుకుని వెళ్లిపోవచ్చు, దీవి మీద ఉంటే పడవ దాకా పరుగెత్తాలి.

మన ఒడ్డున పెరిగినవాళ్లకు ఈ హెచ్చరిక స్థాయిలు కొత్తేమీ కాదు. కళింగపట్నం, భీమిలి రేవుల్లో తుఫాను హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఎగరేస్తారు. 3వ నంబరు ఎగిరిందంటే ఆకాశం నీలంగా ఉన్నా వేటకు వెళ్లకుండా వల చుట్టేసుకుంటాం. తిత్లీ, హుద్‌హుద్ చూసినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు. నిప్పుకొండ దగ్గరా అదే పద్ధతి. న్యూజిలాండ్‌లో 0 నుంచి 5, ఇటలీలో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. మామూలు స్థాయి నుంచి ఒక్క మెట్టు పైకెక్కినా దీవి మీద దిగే ప్రయాణం మానుకోండి. సముద్రం మీద నుంచి చూసేదైతే ఎంత దూరంలో ఆపుతారో అడిగి నిర్ణయించుకోండి.

బుక్ చేసేముందు

లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయని కాదు, పిల్లల సైజువి ఎన్ని ఉన్నాయని అడగండి. ఇంజిన్లు రెండు ఉన్నాయా, సెల్ సిగ్నల్ లేని చోట ఒడ్డుతో మాట్లాడే రేడియో ఉందా, కొండ దగ్గర ఎంతసేపు ఆపుతారు, ఏ వేళకు అక్కడ ఉంటారు. బారెన్ దగ్గర ఫోన్ పనిచేయదు కాబట్టి రేడియో సంగతి గట్టిగా అడగాలి. ఇవి అడిగితే విసుక్కునేవాళ్లతో వెళ్లకండి.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే డాక్టరును అడక్కుండా బయలుదేరవద్దు. కొండ వదిలే సల్ఫర్ డయాక్సైడ్ వాళ్ల ఊపిరిని పట్టేస్తుంది, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. బూడిదకు ఎన్95 పనికొస్తుంది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు ఆ రోజు కళ్లద్దాలతో రండి.

వాంతులకు మాత్ర బోటెక్కడానికి గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. మాకు జరిగింది అదే. ముందు రాత్రి చేపల పులుసు వద్దు. ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలో, కాస్త అటుకులో చాలు. నోట్లో అల్లం ముక్క పెట్టుకోమని మా పిన్ని చెబుతుంది. తిరుగు ప్రయాణంలో నాకు బాగానే పనిచేసింది. బోటు వెనక భాగంలో కూర్చుని దూరంగా నీళ్లు, ఆకాశం కలిసే గీత చూస్తూ ఉండండి, ఫోన్ వైపు చూడకండి.

బావగారు చివరికి బారెన్ వైపే మొగ్గారు. వచ్చే ఫిబ్రవరిలో 8 రోజులు అండమాన్. బారెన్‌ను మొదట్లోనే పెట్టుకున్నారు, సముద్రం ఒప్పుకోకపోతే వెనక ఇంకో మూడు రోజులు ఖాళీ ఉండేలా. తెల్లవారకముందే కొండ దగ్గరికి చేర్చే ఓడ దొరికితేనే సీట్లు తీసుకుంటామన్నారు. మేనకోడలికి పొగ మాత్రమే కనిపించొచ్చని ఇప్పుడే చెప్పేశాం. కాసేపు ముఖం ముడుచుకుని, “పొగ కింద నిప్పు ఉంటుంది కదా మావయ్యా?” అని అడిగింది. ఉంటుందమ్మా అన్నాను.